యోగా క్లాసులో చెయ్యేసి సరిచెయ్యడం: కొత్తగా నేర్పేవాళ్లకి కొన్ని మాటలు

అనంతపురంలో ఇప్పుడు ఏ కాలనీకి పోయినా పొద్దున 5:30కంతా ఏదో ఒక మిద్దె మీద మ్యాట్లు పరిచి ఉంటాయి. కొత్తగా ట్రైనింగ్ అయిపోయి క్లాసులు మొదలుపెట్టిన పిల్లలు కూడా బాగానే ఉన్నారు, వాళ్లు మళ్లీ మళ్లీ అడిగే డౌట్ ఏందంటే ఆసనం తప్పు చేస్తున్నవాళ్లని పట్టుకుని సరిచెయ్యొచ్చా, చెయ్యొచ్చంటే ఎక్కడ పట్టుకోవాల, ఎంత వొత్తాల అని. ట్రైనింగుల్లో ఆసనాల పేర్లు, లాభాలు బట్టీ పట్టిస్తారు గానీ ఈ చెయ్యి సంగతి కూర్చోబెట్టి చెప్పేవాళ్లు తక్కువ, సీనియర్ సార్ ఎట్ల చేస్తాడో చూసి అట్ల నేర్చుకోవడమే. ఆ సార్ పశ్చిమోత్తానాసనంలో (కాళ్లు చాపి కూర్చుని ముందుకు వంగేది) శిష్యుడి వీపు మీద వాలిపోయే రకమైతే శిష్యుడూ అదే పట్టుకుంటాడు, ఇంకో పదేళ్లు అదే నడుస్తుంది.

ముందు ఒక్కటి అనుకోండి. స్టార్ట్ కాని బండిని వెనకనుంచి తోసినట్టు మనిషిని ఆసనంలోకి తోసేదానికి కాదు చెయ్యి వేసేది. ఏ దిక్కు పోవాలో ఆ ఒంటికి తెలియాల, అంతవరకే మన చేతికి పని, పొయ్యేది మాత్రం వాళ్లే పోవాల. ఇది తలకెక్కితే సగం గాయాలు, సగం గొడవలు ఉండవు.

అసలు చెయ్యి వెయ్యకముందు మూడు పనులు అయ్యుండాల. నోటితో చెప్పడం మొదటిది, అది కూడా "సరిగ్గా చెయ్యండి" అనకుండా "ఎడమ మడమ నేలకి గట్టిగా వొత్తండి" అని ఒక్క మాట, ఒక్క భాగం. అర్థం కాకపోతే పక్కన నిలబడి మనమే చేసి చూపించడం. అప్పటికీ కాకపోతే ఏదన్నా వస్తువు ఇవ్వడం, బెల్టు, దుప్పటి, బ్లాకు, గోడ, కుర్చీ, ఏమీ లేకపోతే ఇంట్లో పాత పంచె. చాలాసార్లు ఇక్కడే పని అయిపోతుంది. పిరుదుల కింద రెండు మడతల దుప్పటి పెడితే వంగిన నడుము దానంతట అదే లేస్తుంది, దాన్ని వెనకనుంచి చేత్తో తొయ్యాల్సిన పనేముంది?

ఇక పర్మిషన్ సంగతి. దీని గురించి బయటి దేశాల టీచర్లు చెప్పేది మనకి నేరుగా పనికిరాదు. వాళ్లు క్లాస్ మొదట్లో "నేను తాకితే ఇబ్బంది ఉన్నోళ్లు చెయ్యెత్తండి" అంటారు, అక్కడ ఎత్తుతారేమో, మన దగ్గర ఎవరెత్తుతారు చెప్పండి. సార్ ముఖం మీద వద్దని చెప్పే అలవాటే మనకి లేదు. "ఇబ్బందేమన్నా ఉందా అక్కా?" అంటే "పర్లేదు సార్" అంటుంది, ఆ పర్లేదులో సరే ఎంత, మొహమాటం ఎంత అనేది మీకు తెలిసే ప్రసక్తే లేదు. కాబట్టి పద్ధతి తిప్పేయండి. ఏమీ చెప్పనివాళ్లని తాకకూడదు, అది రూలు. తాకొచ్చు అనుకునేవాళ్లు మాత్రం ఒక గుర్తు పెడతారు. మన ఎండలకి ప్రతి ఒక్కరూ చెమట తుడుచుకునే చిన్న టవల్ తెచ్చుకుంటారు కదా, అది మ్యాట్ ముందు అంచున అడ్డంగా పరిస్తే సరే అన్నట్టు, పక్కన మడిచి పెడితే ఈరోజు వద్దన్నట్టు. క్లాస్ మధ్యలో ఎప్పుడైనా టవల్ తీసి పక్కన పెట్టొచ్చు, ఎందుకని మనం అడగం. ఇది మొదటి రోజే అందరి ముందూ చెప్పండి, తర్వాత వారం వారం గుర్తు చెయ్యండి. నిన్న పరిచింది ఈరోజుకి లెక్క రాదు, నిన్న ఒళ్లు బాగుండొచ్చు, ఈరోజు నెలసరి కావచ్చు, ఇంట్లో ఏదన్నా జరిగుండొచ్చు, మనకెందుకు.

టవల్ పరిచినా సరే దగ్గరికి పోయి మళ్లీ ఒక మాట చెప్పాల. "అక్కా, కుడి భుజం మీద చెయ్యి పెడుతున్నా" అని, ఏ భాగమో పేరు చెప్పి, ఒక క్షణం ఆగి, అప్పుడు. వెనకనుంచి చప్పుడు లేకుండా వచ్చి పట్టుకుంటే మనిషి ఉలిక్కిపడి కండరాలన్నీ బిగబట్టేస్తాడు, ఇంక ఆ బిగుసుకున్న ఒంటిని మీరేం సరిచేస్తారు. కళ్లు మూసుకుని ఉన్నవాళ్ల దగ్గర అయితే ఇది ఇంకా ముఖ్యం.

మగ టీచరు, ఆడవాళ్ల క్లాసు అయితే నా మాట సూటిగా ఉంటుంది, చెయ్యి వెయ్యొద్దు. పర్మిషన్ ఇచ్చినా మడమ, అరచెయ్యి, మోచెయ్యి ఇంతవరకే, అదీ నలుగురూ చూస్తుండగా. మిగతాది బెల్టుతో, గోడతో, నోటితో. క్లాసులో బాగా చేసే ఒక అక్కని పక్కన పెట్టుకుని ఆమెకి నేర్పితే ఆమే చెయ్యేసి చూపిస్తుంది, ఇది కొంతమందికి చాదస్తంగా అనిపిస్తుంది గానీ మన ఊళ్లో ఒక్క పుకారు చాలు క్లాసు మూతపడేదానికి. పుకారు సంగతి పక్కన పెట్టినా, ఆమెకి ఒక్క క్షణం అసౌకర్యంగా ఉంటే ఆ ఆసనం వల్ల వచ్చే లాభం ఏపాటిది? ఎవరైనా సరే ఎవరికైనా సరే తాకకూడని చోట్లు ఉన్నాయి, గొంతు, ముఖం, ఛాతీ, పొత్తికడుపు, లోపలి తొడ, పిరుదులు. ఇందులో పర్మిషన్ ప్రశ్నే లేదు.

ఇదంతా ఊరికే భయపెట్టేదానికి చెప్పడం లేదు. చేత్తో సరిచేసే ఈ పద్ధతి ఎక్కువగా మన పక్కనున్న మైసూరు నుంచే ప్రపంచమంతా పాకింది, 1930ల్లో మైసూరు జగన్మోహన్ ప్యాలెస్‌లో యోగా గురువు కృష్ణమాచార్య నడిపిన యోగశాల, ఆయన దగ్గర నేర్చుకున్న బీకేఎస్ అయ్యంగార్, పట్టాభి జోయిస్, వీళ్లతోనే. అయ్యంగార్ తర్వాత పుణెలో స్థిరపడి బెల్టులు, తాళ్లు, ఇటుకలు, కుర్చీలతో పెద్ద పద్ధతే తయారు చేశారు. జోయిస్ నేర్పిన యోగా పద్ధతి పేరు అష్టాంగ, ఆయన శాలలో మాత్రం గురువు ఒంటి బరువుతో శిష్యుల్ని ఆసనంలోకి దించే అడ్జస్ట్‌మెంట్లు పేరుపడ్డాయి. ఆయన 2009లో పోయారు. 2017 నుంచి ఆయన దగ్గర నేర్చుకున్న పలువురు ఆడవాళ్లు అడ్జస్ట్‌మెంట్ పేరుతో మమ్మల్ని లైంగికంగా తాకాడని పేర్లతో సహా బయటికొచ్చి చెప్పారు, 2019లో ఆయన మనవడు శరత్ జోయిస్ వాళ్ల బాధకి బహిరంగంగా విచారం తెలిపారు. అంత పెద్ద గురువు దగ్గరే వద్దని చెప్పలేక ఏళ్లకేళ్లు నోరు మూసుకున్నారంటే మన మిద్దె మీది క్లాసులో "పర్లేదు సార్"కి ఏం విలువ ఇస్తారో మీరే ఆలోచించుకోండి.

సరే, పర్మిషన్ అయింది. ఇప్పుడు ఆ ఒళ్లు ఎట్లాంటిదో తెలియాల. చేరేటప్పుడే ఒక పేపర్ మీద రాయించుకోండి, రాయడం రానివాళ్లని పక్కకి పిలిచి అడగండి, అందరి ముందర అడిగితే ఏమీ లేదనే చెప్తారు. బీపీ ఉందా, షుగర్ ఉందా, కంట్లో ప్రెషర్ ఉందని డాక్టర్ చెప్పాడా, డిస్క్ సమస్య ఉందా, ఏమన్నా ఆపరేషన్ అయిందా, ఎముకలు గుల్లబారాయన్నారా, కడుపుతో ఉన్నారా. కంటి ప్రెషర్ ఉన్నవాళ్లకి తల కిందికి పెట్టే ఆసనాలే వద్దు, చెయ్యి సంగతి తర్వాత. డిస్క్ ఉన్నవాళ్లని, ఎముకలు గుల్లబారిన పెద్దమ్మల్ని ముందుకు వంచి పైనుంచి వొత్తితే వెన్నుపూస దెబ్బతింటుంది, విరిగే ప్రమాదం కూడా ఉంది. కడుపుతో ఉన్నవాళ్లకి కీళ్లు మామూలుకంటే వదులుగా ఉంటాయి, వొత్తితే ఎంతైనా పోతుంది, అందుకే వొత్తకూడదు.

షుగర్ గురించి మాత్రం కొంచెం ఆగి చెప్పాల, ఎందుకంటే యాభై దాటిన బ్యాచ్‌లో షుగర్ లేనివాళ్లని వెతుక్కోవాల్సిందే. షుగర్ చాలా ఏళ్ల నుంచి ఉంటే కొందరికి పాదాలు మొద్దుబారిపోతాయి, చురుక్కుమనేది తెలీదు. "నొప్పిగా ఉందా పెద్దాయనా?" అని అడిగితే లేదంటాడు, అబద్ధం కాదు, నిజంగానే తెలీదు. వాళ్ల పాదం, చీలమండ పట్టుకుని మెలితిప్పొద్దు, నిలబడే ఆసనాల్లో గోడ పక్కనే పెట్టండి, క్లాస్ అయ్యాక పాదాలు ఒకసారి చూసుకోమనండి.

చెయ్యి ఎట్ల పెట్టాలంటే, అరచెయ్యి మొత్తం, వెడల్పుగా. వేలి చివర్లతో పొడిస్తే చక్కిలిగింత, గోళ్లు గుచ్చుకోవడం, పైగా ఏ దిక్కు పోవాలో కూడా అర్థం కాదు. కీలు మీద ఎప్పుడూ పెట్టొద్దు, కీలుకి పైనో కిందో ఉన్న ఎముక మీద పెట్టండి, మోకాలు మీద బదులు తొడ కింది భాగం మీద, మెడ మీద బదులు భుజం వెనక రెక్క ఎముక మీద. పెట్టిన వెంటనే వొత్తొద్దు, ఒక శ్వాస అంతా ఊరికే ఉంచండి, వాళ్ల ఊపిరి మీ చేతికి తెలుస్తుంది. ఊపిరి తీసుకునేటప్పుడు ఒళ్లు పొడవు సాగుతుంది, అప్పుడు మీరు ఆగాల, వదిలేటప్పుడు కొంచెం దిక్కు చూపించాల. ఊపిరి బిగబట్టినా, మునిపళ్లతో పెదవి కరిచినా, ముఖం ముడుచుకున్నా, వేళ్లు వంకర పోయినా చాలు, వెనక్కి రండి, నోటితో చెప్పేంతవరకూ ఎదురు చూడొద్దు. రెండు మూడు శ్వాసలు అంతే. తీసేటప్పుడు కూడా "తీస్తున్నా" అని చెప్పి నిదానంగా తియ్యాల, మీ చెయ్యి ఆసరా మీద నిలబడినోళ్లు ఒక్కసారిగా తీస్తే తూలి పడతారు.

మన దగ్గర ఇంకో గమ్మత్తు ఉంది, వద్దనేవాళ్లతో కంటే ఇంకా కావాలనేవాళ్లతోనే కష్టం. "ఇంగా వొత్తండి సార్, ఏం కాదులే" అంటారు, నొప్పి పుడితేనే పని చేసినట్టు, రూపాయికి రూపాయి ముట్టినట్టు. నెల రోజుల్లో తల మోకాలికి తగలాలని పందెం కట్టినట్టు వచ్చేవాళ్లు ఉంటారు, ముఖ్యంగా కుర్రాళ్లు. వాళ్లు అడిగినంత మాత్రాన వొత్తొద్దు. "నువ్వు ఎంత పోతే అంతే పోదాం తమ్ముడూ, నేను వొత్తితే రేపు నువ్వు మెట్లు దిగలేవు" అని నవ్వుతూ చెప్పేయండి. అలుగుతారు, మళ్లీ వస్తారు.

నేను అన్నిటికంటే ఎక్కువ వాడేది ఇంకోటి ఉంది, చెయ్యి మనం తీసుకెళ్లి పెట్టడం కాకుండా గాల్లో పెట్టి వాళ్లనే వచ్చి తగలమనడం. వీరభద్రాసనం రెండో రకంలో (కాళ్లు ఎడంగా పెట్టి, ముందు మోకాలు వంచి, చేతులు రెండు పక్కలా చాపేది) ముందు మోకాలు చాలామందికి లోపలికి, బొటనవేలు వైపు వాలిపోతుంది. మామూలుగా టీచర్లు ఆ మోకాలు పట్టుకుని బయటికి లాగుతారు. లాగొద్దు. మోకాలికి బయటి వైపు రెండు అంగుళాల దూరంలో మీ అరచెయ్యి నిలబెట్టి "నీ మోకాలు తెచ్చి నా చేతికి తగిలించు" అనండి. చూడండి ఏమవుతుందో, మోకాలు కదిలేలోపే తుంటి దగ్గర కండరం పని మొదలుపెడుతుంది, అరికాలి వంపు పైకి లేస్తుంది, మడమ బయటి అంచుకి నేల మీద పట్టు దొరుకుతుంది. లాగి ఉంటే ఇవేవీ జరగవు, మీరు వదిలేసిన మరుక్షణం మోకాలు మళ్లీ లోపలికే పోతుంది. పైగా తాకాలా వద్దా అన్నది వాళ్ల చేతిలోనే ఉంటుంది, ఇష్టం లేకపోతే తగిలించకుండా ఆగిపోతారు, ఎవరికీ మొహమాటం లేదు. తాడాసనంలో, అంటే నిటారుగా నిలబడినప్పుడు, నడినెత్తికి ఒక అంగుళం పైన అరచెయ్యి పెట్టి "పైకి వచ్చి తగులు" అంటే వెన్ను మొత్తం సాగుతుంది. త్రికోణాసనంలో (కాళ్లు ఎడంగా పెట్టి పక్కకి వంగేది) చాచిన చేతి వేళ్ల ముందు మీ చెయ్యి పెట్టి అందుకోమనండి, నడుము రెండు పక్కలా పొడవవుతుంది, అప్పుడు కిందికి దిగమనండి.

మగ్గం నేసేవాళ్లు, బుడ్డలు (వేరుశనగ) వొలిచే పనికి పొయ్యే ఆడవాళ్లు క్లాసుకి వస్తే ఇదే బాగా పనికొస్తుంది. గొంతుక్కూర్చోవడం వాళ్లకి నేర్పాల్సిన పనే లేదు, మాలాసనం మనకంటే బాగా చేస్తారు, కాని రోజంతా ముందుకు వంగి చేసే పని వల్ల భుజాలు ముందుకొచ్చేసి చేతులు చెవుల పక్కకి లేవవు. ఆ చేతులు పట్టుకుని వెనక్కి గుంజితే భుజం కీలు దెబ్బతింటుంది. గోడకి ఎదురుగా నిలబెట్టి, అరచేతులు గోడకి ఆనించి, వేళ్లతో మెల్లగా పైకి పాకించమనండి, ఆగిపోయిన చోటికి కొంచెం పైన మీ వేలు పెట్టి "ఇక్కడిదాకా" అనండి చాలు.

అధోముఖ శ్వానాసనం (చేతులూ పాదాలూ నేలకి ఆనించి నడుము పైకెత్తేది) ప్రతి క్లాసులో ఉంటుంది కాబట్టి దీనికి బెల్టు పద్ధతి నేర్చుకోండి. తొడలు మొదలయ్యే మడత దగ్గర ముందు వైపునుంచి బెల్టు వేసి, వెనక నిలబడి రెండు కొసలూ పట్టుకుని, మీ మోకాళ్లు కొంచెం వంచి, ఒంటి బరువుతో వెనక్కీ కొద్దిగా పైకీ వాలండి, చేతులతో గుంజొద్దు. చేతుల మీది బరువంతా కాళ్ల మీదికి పోతుంది, భుజాలు ఊపిరి పీల్చుకుంటాయి. బెల్టు పొత్తికడుపు మీదికి జారకుండా చూసుకోవాల, అది వాళ్లనే వేసుకోమనడం మంచిది. మనిషి అవసరం లేకుండా గట్టి ఇనప కమ్మీకి బెల్టు కట్టి చెయ్యించొచ్చు, కమ్మీ ఊగుతుందేమో ముందు మీరు వేలాడి చూసుకోండి. మడమలు నేలకి ఆనడం లేదని కాళ్లు కిందికి వొత్తేవాళ్లని చూశా, ఆనకపోతే ఏం, మోకాళ్లు కొంచెం వంచమనండి.

పశ్చిమోత్తానాసనం దగ్గరికి వస్తే నా సలహా, వీపు మీద చెయ్యే వెయ్యొద్దు. తొడ వెనక కండరాలు మనం కూర్చునే ఎముకకి అతుక్కుని ఉంటాయి, పైనుంచి వొత్తినప్పుడు ఆ అతుకు దగ్గరే చిరుగుతుంది. అక్కడ చిరిగితే నెలలు పడుతుంది మానడానికి, కుర్చీలో కూర్చుంటే నొప్పి, బస్సులో కూర్చుంటే నొప్పి. ఎవరైనా "పిరుదు కింద ఎముక దగ్గర లాగుతోంది" అంటే అది మంచి సాగుడు కాదు, వెంటనే మోకాళ్లు వంచమనండి. పిక్కలో, తొడ మధ్యలో లాగితే పర్లేదు. దుప్పటి మీద కూర్చోబెట్టి, పాదాలకి బెల్టు ఇచ్చి, వీపు చదునుగా ఎంత వస్తే అంతే.

భుజంగాసనంలో (బోర్లా పడుకుని ఛాతీ లేపేది) నడుము వొత్తడం అలవాటుగా చేస్తారు, దానికి బదులు పాదాల పైభాగం నేలకి ఆనేట్టు మెల్లగా పట్టుకోండి, కాళ్లకి పట్టు దొరికితే ఛాతీ అదే లేస్తుంది. పద్మాసనంలో పాదం పట్టుకుని తొడ మీదికి ఎక్కించడం మాత్రం ఎప్పటికీ వద్దు. మోకాలు తలుపు బందు లాగా ఒక వైపే మడతపడే కీలు, తిరగాల్సింది తుంటి దగ్గర, తుంటి తిరగకపోతే ఆ మెలి అంతా మోకాలి లోపలి గుజ్జు మీద పడుతుంది. భుజాల మీద బరువు పెట్టి కాళ్లు పైకి లేపే సర్వాంగాసనంలో, ఆ కాళ్లు తల వెనక్కి వాల్చే హలాసనంలో లేచిన తర్వాత చెయ్యి వెయ్యకుండా ఉండడమే మంచిది, భుజాల కింద మడత దుప్పట్లు ముందే సర్దేయండి. శవాసనంలో భుజాలు మెల్లగా వొత్తితే కొందరికి హాయిగా ఉంటుంది, కాని కళ్లు మూసుకుని ఉంటారు కాబట్టి పడుకోకముందే అడిగి ఉండాల.

మీ ఒంటి సంగతి కూడా చూసుకోండి. ఉంగరాలు, వాచీ, గాజులు తీసెయ్యాల, గోళ్లు కత్తిరించాల. మార్చి దాటితే పొద్దున ఆరింటికే చేతులు చెమటతో జారుతుంటాయి, టవల్ భుజాన వేసుకోండి, ఒకరి దగ్గరినుంచి ఇంకొకరి దగ్గరికి పోయేముందు తుడుచుకోండి. ఘాటు సెంటు వద్దు, రాత్రి తిన్న వెల్లుల్లి కారం వాసన అంతకన్నా వద్దు. వంగేటప్పుడు మోకాళ్లు వంచి వంగండి, లేకపోతే జనాల నడుములు బాగుచేసేలోపు మీ నడుము పోతుంది.

ముప్పై మంది క్లాసులో అందరికీ చెయ్యి వెయ్యాలని చూడొద్దు, నలుగురైదుగురు చాలు. బాగా ఒళ్లు వంగే ఒకరిద్దరి దగ్గరికే రోజూ పోతుంటే మిగతావాళ్లు గమనిస్తారు. ఒకరిని పట్టుకుని ఉన్నప్పుడు కూడా మిగతా క్లాసు మీ కంటికి కనిపించేట్టు నిలబడండి, మీరు ఇక్కడ బెల్టు లాగుతుంటే అక్కడ ఒక పెద్దాయన సొంతంగా శీర్షాసనం మొదలుపెట్టేసి ఉంటాడు.

ఒకవేళ కటుక్కుమని చప్పుడొచ్చినా, ఎవరైనా అబ్బా అన్నా, చెయ్యి ఉన్నచోటే ఉంచి బరువు మాత్రం తీసెయ్యండి, వచ్చిన దారిలోనే నిదానంగా బయటికి తీసుకురండి. నొప్పి ఉన్నచోట రుద్దొద్దు, నూనె పెట్టొద్దు, గుంజి సరిచెయ్యాలని చూడొద్దు. బట్టలో చుట్టిన ఐసు పెట్టండి. కాలో చెయ్యో తిమ్మిరి పట్టినా, బరువు మోపలేకపోయినా ఆరోజే ఎముకల డాక్టర్ దగ్గరికి పంపండి, సాయంత్రం ఫోన్ చేసి కనుక్కోండి.

ఇవన్నీ చదివితే వచ్చేవి కావు కాబట్టి ఇంకో టీచర్‌ని తోడు పెట్టుకుని ఒకరి మీద ఒకరు ప్రాక్టీస్ చెయ్యండి. కింద ఉన్నవాళ్లు కళ్లు మూసుకుని మూడే మాటలు వాడాల, "ఇంకొంచెం", "చాలు", "తియ్యి". మీరు చెయ్యి పెట్టి ఏమీ చెప్పకుండా ఉండండి, ఏ దిక్కు పొమ్మంటున్నారో వాళ్లు పైకి చెప్పాల. తప్పు చెప్తే మీ చెయ్యి స్పష్టంగా లేదన్నట్టు, ఇంకొంచెం వెడల్పుగా, ఇంకొంచెం తక్కువ బరువుతో మళ్లీ పెట్టి చూడండి.